ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్

(హనుమకొండలోని ఒక గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి రాత రూపం. వక్త ఇరవై రెండేళ్ల పాటు డీటీపీ కేంద్రం నడిపారు. శ్రోతల్లో ఉపాధ్యాయులు, మహిళా సంఘాల్లో లెక్కలు రాసేవారు, విద్యార్థులు ఉన్నారు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. ఇక్కడ ఇంకా నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మొదటి వరుసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయం కాబోలు. అడగను, రండి.

నన్ను పరిచయం చేస్తూ మాస్టారు సాంకేతిక నిపుణురాలు అన్నారు. అంత పెద్ద మాట వద్దు. చౌరస్తా దగ్గర ఒక సందులో డీటీపీ, జిరాక్స్ దుకాణం నడిపినదాన్ని. పెళ్లి పత్రికలు, బయోడేటాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, యూనియన్ల కరపత్రాలు, ఎన్నికలొస్తే వార్డు అభ్యర్థుల హామీలు, అన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. మీరు కాగితం మీద రాసి తెచ్చేవారు, నేను టైపు కొట్టి ప్రూఫు ఇచ్చేదాన్ని. మీరు ఎర్ర పెన్నుతో దిద్ది మళ్లీ తెచ్చేవారు, నేను మళ్లీ కొట్టేదాన్ని. నా బతుకుతెరువంతా ఆ ‘మళ్లీ’లోనే ఉండేది. ఇవాళ నేను చెప్పేది, అంటే ఒకే ఆన్‌లైన్ పత్రంలో నలుగురూ కలిసి రాసుకోవడం, మీరు శ్రద్ధగా నేర్చుకుంటే ఆ ‘మళ్లీ’ పోతుంది. అంటే నా పొట్ట నేనే కొట్టుకోవడానికి ఇంత దూరం వచ్చానన్నమాట. (నవ్వులు)

ముందు నా సిగ్గు కథ ఒకటి చెబుతాను. ఒక ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులు కలుసుకుంటూ జ్ఞాపిక సంచిక వేయించారు. ఐదు వందల కాపీలు. కమిటీలో ముగ్గురు, ముగ్గురికీ మూడు పెన్ డ్రైవులు. ఒకాయన ఉదయం వచ్చి రెండు పేర్లు చేర్పించేవాడు. ఇంకొకాయన మధ్యాహ్నం పాత ఫైలు పట్టుకొచ్చి అందులో వేరే రెండు పేర్లు దిద్దించేవాడు. వారం తిరిగేసరికి నా కంప్యూటర్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని ఐదు ఫైళ్లు తేలాయి. అందులో ఉపాధ్యాయుల జాబితా ఒకటుంది. ఒకే ఇంటిపేరున్న మాస్టార్లు ఇద్దరు. ఒకాయన కాలం చేశారు, రెండో ఆయన నిక్షేపంగా ఉన్నారు. ‘స్వర్గీయ’ అన్న మాట నేను రెండో ఆయన ముందు పెట్టాను. ప్రూఫులో ఆ తప్పు దొరికింది, దిద్దాను కూడా. అయితే దిద్దింది ‘అసలు ఫైనల్’లో. రాత్రి పదకొండు గంటలకు ప్రెస్సుకు పంపింది ‘ఫైనల్ 2’.

సభలో వేదిక మీద ఆ మాస్టారే ముఖ్య అతిథి. సంచిక ఆవిష్కరించింది కూడా ఆయనే.

మూడో రోజు పొద్దున గొడుగు పట్టుకుని దుకాణానికి వచ్చారు. నాకు కాళ్లు వణికాయి. ఆయన ఏమీ అనకుండా సంచిక తెరిచి ఆ పేజీ నా ముందు పెట్టారు. “అమ్మా, ఇది ఒకటి జిరాక్స్ తీసివ్వు. ఏటా నేను బతికే ఉన్నానని పెన్షన్ వాళ్లకు ధ్రువపత్రం ఇవ్వాలి. ఈసారి దీన్ని పంపితే ఏమంటారో చూద్దామని ఉంది” అన్నారు. డబ్బులు తీసుకోనంటే కోప్పడి మరీ రూపాయి ఇచ్చి వెళ్లారు. మిగిలిన కాపీలన్నీ వెనక్కి తెప్పించి, ఆ మాట మీద తెల్ల స్టిక్కర్లు అంటించడానికి నాకు, మా తమ్ముడికి రెండు రాత్రులు పట్టింది. ఇప్పటికీ హనుమకొండలో కొందరి ఇళ్లలో ఆ సంచిక ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే స్టిక్కరు కింద ‘స్వర్గీయ’ కనిపిస్తుంది.

అప్పట్లో నిద్రమత్తు వల్ల జరిగిందని అందరికీ చెప్పుకున్నాను. నిద్రమత్తు ఉన్న మాట నిజమే. కానీ ఫైలు ఒక్కటే ఉంటే నేను కళ్లు మూసుకుని పంపినా సరైనదే వెళ్లేది కదా! ఐదు ప్రతుల్లో ఏది అసలో చెప్పడానికి నా దగ్గర ఉన్నది పేరు ఒక్కటే. ఆ పేర్లు పెట్టింది కూడా నిద్రమత్తులో ఉన్న నేనే.

మనకు పక్కనే బమ్మెర ఉంది, పాలకుర్తి మండలం. పోతన భాగవతం గురించి ఈ ఊళ్లో నేను కొత్తగా చెప్పేదేముంది? నరాంకితం చేయనన్నందుకు ఆ గ్రంథాన్ని రాజు నేలలో పాతిపెట్టించాడని, తర్వాత తవ్వి తీస్తే కొన్ని భాగాలు పాడైపోయి ఉన్నాయని మన పెద్దలు చెప్పే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూరించినవి. ఇవాళ మనం చదువుతున్న భాగవతం నలుగురు చేయి వేసిన పత్రం. ఒక్క ప్రతే ఉంటే అది పోయినప్పుడు ఇంకొకరు కూర్చుని మళ్లీ రాయాలి. నా దుకాణంలో జరిగింది దీనికి తలకిందులు. ప్రతులు ఎక్కువై అసలుది ఏదో తెలియకుండా పోయింది. తాటాకుల కాలం నుంచి పెన్ డ్రైవుల కాలం దాకా మనం ఈ రెండు కష్టాల మధ్యే తిరిగాం.

ఆన్‌లైన్ పత్రం ఈ రెండింటికీ కలిపి ఒక ఉపాయం. మన కంటికి కనిపించేది ఒకటే. వెనక దాన్ని దాచే కంపెనీ మాత్రం వేర్వేరు యంత్రాల్లో దాని నకళ్లు పెట్టుకుంటుంది, ఒకటి చెడితే ఇంకొకటి అందుకుంటుంది. ఆ నకళ్ల గొడవ మనకు అక్కర్లేదు. మనం చేయాల్సింది ఒక్క అలవాటు మార్చుకోవడం. ఇన్నాళ్లూ కాగితాన్ని మనుషుల దగ్గరికి పంపాం. ఇకమీదట కాగితం ఉన్న చోటికి మనుషులను పిలవాలి. వాట్సాప్‌లో ఫైలు పంపితే నలభై మంది ఉన్న గ్రూపులో నలభై ప్రతులు పుడతాయి. లింకు పంపితే ఒక చిరునామా వెళుతుంది, ఇల్లు ఒకటే ఉంటుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే గూగుల్ డాక్స్ అయినా, మైక్రోసాఫ్ట్ వర్డ్ ఆన్‌లైన్ అయినా, జోహో రైటర్ అయినా మీకు తేడా తెలియదు. మీటల చోటు మారుతుంది, అంతే.

మాటలతో కాదు, చేసి చూద్దాం. తెర మీద ఖాళీ పత్రం తెరిచాను. దీని లింకు ఇందాక ముగ్గురికి పంపాను. హుజూరాబాద్ నుంచి వచ్చిన సార్ ఒకరు, పరకాల నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు, డిగ్రీ చదువుతున్న బాబు ఒకడు. ముగ్గురూ మీ ఊరి పేరు, మీకు తెలిసిన ఒక మంచి హోటలు పేరు రాయండి. చూడండి, మూడు రంగుల గీతలు మినుకుమంటున్నాయి. ఒక్కో గీత నెత్తిన ఒక్కో పేరు. సార్ నెమ్మదిగా రాస్తున్నారు, ఆయన గీత ఆగి ఆగి కదులుతోంది. బాబు అప్పుడే మూడు హోటళ్లు రాసేశాడు. (నవ్వులు) ‘సేవ్’ అని ఎవరైనా ఎక్కడైనా నొక్కారా? లేదు. రాసింది రాసినట్టే భద్రమైపోతోంది. మా దుకాణంలో కరెంటు పోయినప్పుడల్లా ‘అయ్యో’ అని అరిచేవాళ్లం. ఆ అరుపు ఇప్పుడు అక్కర్లేదు.

ముగ్గురు ఒకేసారి ఒకే వాక్యంలో వేలు పెడితే అక్షరాలు కలగాపులగం కావా అని నాకు చాలా కాలం అనుమానం ఉండేది. మా మేనల్లుడు రేషన్ దుకాణం ముందు వరుసతో పోల్చి చెప్పాడు. వరుసలో ఐదో మనిషి వెనక ఒకరిని నిలబెట్టమని నేను చీటీ రాసి పంపాను. చీటీ చేరేలోపు ముందు భాగంలో ఇద్దరు వచ్చి చేరారు. ఇప్పుడు నేను అనుకున్న ఐదో మనిషి ఏడో చోట ఉన్నాడు. చీటీ అందుకున్నవాడు మూర్ఖుడైతే వరుసలో ఎవరు ఐదో చోట ఉంటే వాళ్ల వెనకే నిలబెడతాడు. బుద్ధిమంతుడైతే, ఈవిడ రాసేటప్పటికి ఇద్దరు తక్కువ కాబట్టి ఐదంటే ఏడు అని సర్దుకుంటాడు. అక్షరాల వరుసలోనూ ఇంతే. మధ్యలో ఉన్న కంప్యూటర్ ఎవరి మార్పు ముందు వచ్చిందో చూసుకుని, వెనక వచ్చినదాని స్థానం లెక్క సరిచేస్తుంది. ఈ సర్దుబాటు పద్ధతిని ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు 1989లోనే రాసి పెట్టారు.

అసలు ఆలోచన అంతకన్నా పాతది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు తొంభై నిమిషాల ప్రదర్శన ఇచ్చాడు. దూరంగా ఇంకో ఊళ్లో కూర్చున్న సహచరుడు, ఆయన ఒకే తెర మీది పాఠంతో కలిసి పనిచేసి చూపించారు. మౌస్ అనే వస్తువును జనం ముందు పెట్టింది కూడా ఆ సభలోనే. ఆ మాటకొస్తే, ఆ ఆలోచన మా సందుకు చేరడానికి నలభై ఏళ్లు పట్టింది. 2005లో రైట్‌లీ అని చిన్న కంపెనీ వాళ్లు బ్రౌజర్‌లో రాసుకునే సాధనం తెచ్చారు. మరుసటి ఏడాది గూగుల్ దాన్ని కొనేసింది, ఇప్పటి గూగుల్ డాక్స్‌కు మూలం అదే. మన దక్షిణాదిలోని తమిళనాడు వాళ్ల జోహో రైటర్ కూడా 2005లోనే వచ్చింది. ఇదంతా అమెరికా సరుకని అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

ఇక తెలుగు కష్టాలకు వస్తాను. ఇది నా సొంత విషయం, కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఓర్చుకోండి.

మీలో చాలామంది దగ్గర పాత సంచికలు, పాఠాలు, కవితలు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టించిన ఫైళ్లుగా ఉంటాయి. వాటిని తెచ్చి ఆన్‌లైన్ పత్రంలో అతికిస్తే తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు కలిసిన చెత్త వస్తుంది. ఫైలు పాడైందని కంగారు పడకండి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం అసలు ఉండదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. చొక్కా విప్పితే లోపల ఉన్నది బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. ‘క’కు ప్రపంచమంతా ఒకటే సంఖ్య. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాడండి. మార్చాక మాత్రం తప్పకుండా ఒకసారి చదవండి, ఒత్తుల దగ్గర అవి తడబడతాయి. యూనికోడ్ తెలుగులో మొదట పేరు తెచ్చుకున్న ఫాంట్లలో ఒకదాని పేరు పోతన. మన బమ్మెర ఆయనే. ఆ పేరు పెట్టినందుకు తయారుచేసిన తిరుమల కృష్ణ దేశికాచార్యుల వారికి దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

పాత పుస్తకం అచ్చు పేజీ మాత్రమే ఉందా? నీడ పడకుండా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో దాన్ని డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అక్షరాలు విడిగా వస్తాయి. అచ్చు శుభ్రంగా ఉంటే పేజీకి పది తప్పులు దిద్దుకుంటే సరిపోతుంది. చేతిరాత మీద ఆశ పెట్టుకోకండి. టైపు చేయడం రానివాళ్లు ఫోను కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి చదివినా తెలుగులో రాస్తుంది. కానీ మన ఊళ్ల పేర్లను తనకు తోచినట్టు రాస్తుంది. ఓసారి ‘ఏనుమాముల మార్కెట్’ అని చెబితే ‘ఏనుగు మామూలు మార్కెట్’ అని రాసింది.

వెతికి మార్చడం అని ఒక సౌకర్యం ఉంది. మన ఊరు పేరునే తీసుకోండి. ఒకరు హన్మకొండ అని రాస్తారు, ఒకరు హనుమకొండ అంటారు. జిల్లా పేరు హనుమకొండ. అరవై పేజీల సంచికలో పాత రూపాన్ని అంతటా ఒక్క దెబ్బకు మార్చవచ్చు. చాలా బాగుంటుంది, చాలా ప్రమాదం కూడా. ఒక రచయిత తన కథలో పాత్ర పేరు రాజు నుంచి రాజయ్యకు మార్చమన్నారు. ‘అన్నీ మార్చు’ నొక్కాను. కథ చక్కగా మారింది. అదే పత్రంలో ఊరి చరిత్ర మీద ఉన్న వ్యాసంలో ‘కాకతీయ రాజయ్యలు ఓరుగల్లును పాలించారు’ అని వచ్చింది. (నవ్వులు) ఒక్కొక్కటే చూసి మార్చండి. తొందర ఉన్న రోజున అసలు ఆ మీట జోలికి పోకండి.

సరే, పత్రం తయారైంది. ఎవరికి ఎంత చేయి ఇవ్వాలన్నదే అసలైన విద్య. ‘షేర్’ మీట నొక్కితే మూడు రకాల అనుమతులు కనిపిస్తాయి. చూడటానికి మాత్రమే, పక్కన వ్యాఖ్య రాయడానికి, నేరుగా మార్చడానికి. మన ఇంటికి వచ్చేవాళ్లలో గుమ్మం దగ్గర మాట్లాడి పంపేవాళ్లుంటారు, హాల్లో కూర్చోబెట్టేవాళ్లుంటారు, వంటింట్లోకి వచ్చి డబ్బాలు తెరిచేవాళ్లుంటారు. మనం మామూలుగా ఏం చేస్తున్నామంటే, బద్ధకించి ‘లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు’ అని పెట్టేసి వీధంతా వంటింట్లోకి పిలుస్తున్నాం.

నేను కళ్లారా చూసినది చెబుతాను. ఒక సంఘం వాళ్లు సభ్యుల పేర్లు, ఆధార్ అంకెలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఒక షీటులో పెట్టి ఆ లింకును వాట్సాప్ గ్రూపులో వేశారు. గ్రూపులో వాళ్లు ఇంకో గ్రూపుకు పంపారు. సాయంత్రం నన్ను పిలిచి, అమ్మా, ఈ పైన జంతువుల బొమ్మలేమిటి అని అడిగారు. ఖాతాతో లోపలికి రాకుండా లింకు పట్టుకుని వచ్చినవాళ్లకు గూగుల్ ఒక జంతువు పేరు పెడుతుంది. చూస్తే ఒక నక్క, ఒక ఒంటె, ఒక తాబేలు కూర్చుని నూట పది మంది ఆధార్ అంకెలు చూస్తున్నాయి. అవి ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అనుమతిని వెంటనే మూసేశాం. అయితే అప్పటికే చూసినవాళ్ల కళ్లను మూయలేం కదా. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమే చేసింది. దాని కన్నా ముందు, ఆధార్ పూర్తి అంకె మీ షీటులో ఎందుకుండాలో ఆలోచించండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్‌ను ఆధార్ సంస్థే ఇస్తుంది. చాలా పనులకు అది చాలు.

సంఘాల లెక్కలు రాసే అమ్మాయిలకు నేను ముందుగా నేర్పేది ‘మార్పుల చరిత్ర’. ఫైలు మెనూలో వెర్షన్ హిస్టరీ అని ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు ఏం మార్చారో రంగుల్లో చూపిస్తుంది, పాత రూపానికి వెనక్కి తీసుకెళుతుంది. షీటులో అయితే ఒక్క గడి మీదే అడగవచ్చు. ఓసారి ఒక సంఘంలో పొదుపు పట్టికలో 4,500 ఉండాల్సిన చోట 5,400 కనిపించింది. ఇద్దరు అక్కాచెల్లెళ్ల లాంటివాళ్లు మాటలు మానేసే దాకా వచ్చింది. లెక్కలు రాసే అమ్మాయి ఏడుపు ఒక్కటే తక్కువ. నేను ఆ గడి మీద మౌస్ కుడి మీట నొక్కి చరిత్ర తెరిచాను. రాత్రి తొమ్మిదీ నలభైకి మార్పు జరిగింది. మార్చింది నింద వేసినావిడ ఖాతానే. లెక్క చూసుకుంటూ బొటనవేలితో తాకి, తెలియక తిరగరాసిందట. ఆమె కాసేపు తెర వైపు చూసి, “చాయ్ తాగుదాం రండి” అంది. అంతకన్నా క్షమాపణ మనవాళ్ల దగ్గర ఉండదు.

వ్యాఖ్యల విషయంలో మర్యాద ఒకటుంది. పెద్దవాళ్లు రాసినదాన్ని నేరుగా చెరిపి రాయకండి. సూచన పద్ధతిలో పెడితే మీ మార్పు వేరే రంగులో, కొట్టివేత గీతతో కనిపిస్తుంది. ఒప్పుకోవడం, తోసిపుచ్చడం వాళ్ల చేతిలో ఉంటుంది. ఎర్ర పెన్ను పట్టిన మాస్టార్లే మీ దగ్గర దిద్దించుకునే రోజులివి. వాళ్ల పరువు మీ చేతిలో ఉంది. అలాగని పత్రం నిండా ‘బాగుంది సార్’, ‘చాలా బాగుంది సార్’ అని వ్యాఖ్యలు పెట్టినా విసుగే. దాని కోసం ఫోన్ చేయండి, సంతోషిస్తారు.

యాజమాన్యం సంగతి చిన్నగా కనిపిస్తుంది కానీ ముంచేది అదే. పాఠశాల రికార్డంతా ఒక టీచరు సొంత ఖాతాలో ఉంటుంది. ఆయనకు బదిలీ అవుతుంది, నంబరు మారుతుంది, పాత ఫోనుకు ఓటీపీ వెళుతుంది. రెండేళ్లు అసలు వాడని సొంత ఖాతాను గూగుల్ తీసేయవచ్చు, అందులోని పత్రాలతో సహా. చెత్తబుట్టలో వేసిన ఫైలైతే ముప్పై రోజులే ఉంటుంది. అందుకని సంఘానికో, బడికో వేరే ఖాతా తెరిచి, ఇద్దరి ఫోన్లు దానికి కలపండి. ఉచితంగా ఇచ్చేది పదిహేను జీబీ, మెయిలు, ఫొటోలు అన్నీ అందులోనే. పెళ్లి ఫొటోలు సంఘం ఖాతాలో నింపకండి.

ఇంకో మాట. ప్రతిదీ మార్చడానికి వీలుగా ఉండక్కర్లేదు. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఉంది కదా, దాన్ని మన పూర్వీకులు చూడటానికి మాత్రమే షేర్ చేశారు. (నవ్వులు) తీర్మానం అయిపోయాక, సంతకాలు కావాల్సినప్పుడు పత్రాన్ని పీడీఎఫ్‌గా దింపుకోండి. దాని నకలు తీసి ఇంకో చోట కూడా ఉంచండి. భూమి కాగితాలు, వీలునామాలు లాంటివాటికి ఆన్‌లైన్ పత్రం చిత్తుప్రతి దాకే. ఆ తర్వాత స్టాంపు కాగితమే.

ప్రశ్నలుంటే అడగండి.

ఏటూరునాగారం వైపు సిగ్నల్ సరిగా ఉండదంటున్నారా? మంచి ప్రశ్న. ఫోనులో ఆ ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో ఉంచమని ముందే చెప్పండి, సిగ్నల్ ఉన్నప్పుడు. అడవిలో కూర్చుని రాసుకోండి. ములుగు వచ్చాక దానంతటదే వెళ్లి కలుస్తుంది. ఒకే పట్టికను ఇద్దరూ సిగ్నల్ లేకుండా మార్చే పని మాత్రం పెట్టుకోకండి. ఒకరు పేర్లు, ఇంకొకరు అంకెలు అని పంచుకోండి.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది, కాస్త గట్టిగా అమ్మా. ఆ గొడుగు మాస్టారు ఇప్పుడెలా ఉన్నారనా?

ఆ సంచికను తర్వాత ఆన్‌లైన్‌లోకి ఎక్కించాను. పాత ఫైళ్లు ఐదూ పక్కన పెట్టుకుని, మొదటి నుంచి సరిచూసి, ఒక్కటిగా చేశాను. మాస్టారికి వ్యాఖ్యలు రాసే అనుమతి ఇచ్చాను. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో మనవరాలి ఫోను పట్టుకుని మొత్తం చదివారు. ఇరవై మూడు తప్పులు చూపించారు, అన్నీ నిజంగా తప్పులే. చివరి వ్యాఖ్య తన పేరు దగ్గరే పెట్టారు. ‘ఇక్కడ ఒక మాట తీసేశావు. దాని అవసరం ఇప్పుడు లేదు. వచ్చినప్పుడు మర్చిపోకుండా పెట్టు, ఈసారి స్టిక్కర్ల పని ఉండదు’ అని.

పోయిన చలికాలంలో ఆయన పోయారు. పదకొండో రోజు అయ్యాక పత్రం తెరిచి ఆ మాట నేనే టైపు చేశాను. వ్యాఖ్య పక్కన ఒక టిక్కు గుర్తు ఉంటుంది, పని అయిపోయిందని చెప్పడానికి. నొక్కితే వ్యాఖ్య పక్కకు తప్పుకుంటుంది. అది మాత్రం ఇంకా నొక్కలేదు.

చాయ్ వచ్చినట్టుంది, లేవండి.